తల్లి క్లాసులో పోయిన పేర్లు

నేను రిటైరై ఏడాది కావస్తోంది. అమలాపురం దగ్గర ఒక ఇంజనీరింగు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పి, చివరి పదకొండేళ్ళూ ఆ విభాగానికి అధిపతిగా ఉండి దిగిపోయాను. ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పాత విద్యార్థులు అప్పుడప్పుడు ఇంటికి వస్తారు. కాఫీ తాగి, "సార్, ఆ వరదల సంగతి చెప్పండి సార్" అంటారు. నేను పడవెక్కి గోదావరి లంకలోకి వెళ్ళానని, పేర్లు రాసుకొచ్చానని, పేపర్లో ఫొటో పడిందని వాళ్ళు విన్నారు. ఆ కథలో నేను బాగానే కనిపిస్తాను. మీకిప్పుడు చెప్పబోయేదీ ఆ కథే. ఇందులో మాత్రం అంత బాగా కనిపించను.

ఆవిడ మా కాలేజీలో చేరేనాటికి నాకు యాభై నాలుగేళ్ళు. ఆవిడకింకా ముప్పై దాటలేదు. రాజోలు వైపు మనిషి. వాళ్ళమ్మగారు మిషన్ స్కూల్లో టీచరు, నాన్నగారు తాటిపాకలో గ్యాసు పనుల దగ్గర చిన్న ఉద్యోగం చేసి మానేశారు. ఇంటర్వ్యూకి వచ్చినప్పుడు బల్లకి ఇవతల మేం నలుగురం కూర్చున్నాం. "జావాలో ఇన్‌హెరిటెన్స్ అంటే ఏమిటో పిల్లలకి ఎలా చెబుతారు?" అని నేనే అడిగాను.

"మా అమ్మగారి చేతిరాత నాకొచ్చిందండి, మా చెల్లికి రాలేదండి. ఇంటిపేరు మాత్రం ఇద్దరికీ ఒకటేనండి. తల్లి దగ్గర్నుంచి తప్పకుండా వచ్చేవి కొన్ని, ఎవరికి వాళ్ళు కలుపుకునేవి కొన్ని. అక్కణ్ణుంచి మొదలెడతానండి" అంది.

ప్రిన్సిపాల్ గారు గట్టిగా నవ్వారు. పక్కన కూర్చున్నవాళ్ళు నవ్వారు. నేను కూడా నవ్వాను. ఇరవై ఏళ్ళుగా ఆ పాఠాన్ని నేను వాహనం, కారు, బస్సు అంటూ మొదలెడుతున్నాను. ఒక్కరోజు కూడా ఎవరూ నవ్వలేదు.

నాకు కుళ్ళు పుట్టింది ఆ బల్ల దగ్గరేనని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు దానికి నేను పెట్టుకున్న పేరు వేరు. "కొత్తవాళ్ళు పైపై మెరుగులతో నెట్టుకొస్తారు, లోతుండదు" అనుకునేవాణ్ణి. విభాగం బాగోగుల గురించి నాకున్న బాధ్యత అనుకునేవాణ్ణి.

ఆవిడ గది నా గదికి ఎదురుగా, వరండాకి అవతల. మధ్యాహ్నం భోజనాల బెల్లు కొట్టగానే ఆ గుమ్మంలో చెప్పులు పేరుకునేవి. నేను తలెత్తకుండానే ఎన్ని జతలున్నాయో చెప్పగలిగేవాణ్ణి. నా గుమ్మంలో అటెండరు చెప్పులు ఉండేవి. ఒకసారి మూడో సంవత్సరం అమ్మాయి ఒకతె డౌటు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. బోర్డు మీద వేసి అరగంట చెప్పాను. "అర్థమైందా?" అంటే, "ఆయ్ సార్. మేడమ్ గారిని కూడా ఒకసారి అడుగుతాలెండి" అని వెళ్ళిపోయింది. ఆ పిల్లకి మర్యాదే తప్ప మరో ఉద్దేశం లేదు. నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఇంకా చిన్న చిన్నవి చాలా ఉన్నాయి. ఆవిడ చీటీ మీద రాసిన ప్రోగ్రాము కూడా అచ్చు వేసినట్టు ఉండేది. నా రాత నాకే అర్థమయ్యేది కాదు. ఆవిడకి తెలియనిది ఎవరైనా అడిగితే "నాకు తెలీదండి, రేపు చూసి చెప్తానండి" అని తేలిగ్గా అనేసేది. ముప్పై ఏళ్ళలో ఆ మాట క్లాసులో నేను ఒక్కసారి కూడా అనలేదు. తెలియకపోతే కోప్పడేవాణ్ణి. ఆవిడ అలా అన్నందుకు పిల్లలు ఆవిణ్ణి తక్కువగా చూస్తారని ఎదురుచూశాను. ఎక్కువగా చూడటం మొదలెట్టారు.

ఇంట్లో మా ఆవిడ ఒకరోజు కూర వడ్డిస్తూ ఆగిపోయింది. "ఈ వారంలో ఆ మేడమ్ గారి ఊసు ఎన్నిసార్లు ఎత్తేరో తెలుసా అండీ?" అంది.

"తప్పులు చేస్తోంది కాబట్టి ఎత్తుతున్నాను."

"ఏం తప్పులండీ?"

పెరుగు వెయ్యమన్నాను.

ఆవిడ చేరిన రెండో ఏడాది వర్షాకాలంలో జరిగింది అసలు సంగతి. కొత్తపేట వైపు గౌతమి పాయలో ఉన్న లంకలు మీకు తెలుసు కదా. గోదావరి పొంగితే ముందుగా ఎవర్ని ఒడ్డుకి చేర్చాలన్నది అక్కడ ఏటా వచ్చే సమస్య. నెలలు నిండిన ఆడవాళ్ళు, డయాలసిస్ చేయించుకుంటున్నవాళ్ళు, మంచం దిగలేనివాళ్ళు. ఆ వివరాలు ఫోన్లలో ఉంటాయి, కానీ సరిగ్గా వరద రోజున సిగ్నలు ఉండదు. కాయితాల మీద రాస్తే ఒక జాబితాకీ ఇంకో జాబితాకీ పొంతన ఉండదు. ఆ మండలం తహసీల్దారు గారు మా ప్రిన్సిపాల్‌ని అడిగారు, నెట్ లేకుండా పనిచేసేది ఏదైనా మీ పిల్లలు చేసి ఇవ్వగలరా అని. ప్రిన్సిపాల్ గారు నన్ను పిలవలేదు. ఆవిణ్ణి పిలిచారు.

నెలరోజుల్లో ఆవిడ, నలుగురు విద్యార్థులు కలిసి జావాలో చిన్న ప్రోగ్రాము రాశారు. లంకలో ఒక లాప్‌టాప్‌లో వివరాలు ఎక్కించాలి. వాటిని ఒక ఫైలుగా దాచి, పెన్‌డ్రైవులో పెట్టి పడవలో ఒడ్డుకి పంపాలి. ఒడ్డున ఇంకో లాప్‌టాప్‌లో ఆ ఫైలు తెరిస్తే మొత్తం జాబితా, ఎవర్ని ముందు తేవాలో ఆ వరసలో కనబడాలి. కంప్యూటర్ జ్ఞాపకంలో ఉన్న వివరాన్ని ఇలా ఫైల్లోకి దించి మరో చోట తిరిగి లేపడాన్నే మేం సీరియలైజేషన్ అంటాం. ఊరగాయ జాడీలో పెట్టి బస్సులో పంపడం లాంటిదని ఆవిడ పిల్లలకి చెప్పేది. ఆ పోలిక కూడా నాకు ముందు తట్టలేదు.

ప్రోగ్రాములో క్లాసు అంటే ఏ వివరాలు ఉండాలో చెప్పే అచ్చు. ఇందులో 'వ్యక్తి' అని ఒక తల్లి క్లాసు. పేరు, వయసు, ఊరు, వీధి అందులో ఉంటాయి. దాని కింద పిల్ల క్లాసులు: గర్భిణి, డయాలసిస్ రోగి, మంచం పట్టినవారు. ఎన్నో నెల, రక్తం గ్రూపు, ఏ మందు వాడుతున్నారు, ఇవి పిల్ల క్లాసుల్లో ఉంటాయి. శుభ్రమైన పని. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. ప్రోగ్రాము మొదట్లో, దాన్ని రాసినవాళ్ళ పేర్లు ఉన్నాయి. నలుగురు విద్యార్థులవీ, ఆవిడదీ. విభాగాధిపతి పేరు లేదు.

మంగళవారం మధ్యాహ్నం దాన్ని అప్పగించాలి. తహసీల్దారు గారి జీపు వచ్చి పోర్టికోలో నిలబడింది. అప్పుడు నేను ఆవిడ గదిలోకి వెళ్ళాను.

"మేడమ్, మన విభాగానికి ఒక పద్ధతంటూ ఉంది. వ్యక్తి క్లాసు నేను ఎప్పుడో రాసి పెట్టాను. విద్యార్థుల రికార్డులన్నీ దానిమీదే నడుస్తున్నాయి. మీరు మళ్ళీ కొత్తది ఎందుకు రాసినట్టు? బయటికి వెళ్ళే ప్రోగ్రాములో మన సొంత క్లాసే ఉండాలి" అన్నాను.

ఆ క్లాసు మీద నా పేరు ఉంది. నేను అడిగింది దానికోసమేనని ఆవిడకి అర్థమై ఉంటుంది. నావైపు ఒక క్షణం చూసింది.

"ఇప్పుడా సార్? జీపు వచ్చేసిందండి."

"ఎంతసేపు పడుతుంది? ఒక లైను మార్చడమే కదా."

"ఆయ్. మీ ఇష్టం సార్."

తన వ్యక్తి క్లాసు తీసేసి నాది పెట్టింది. నడిపి చూసింది. రెండు పేర్లు ఎక్కిస్తే తెర మీద చక్కగా కనబడ్డాయి. "ఫైల్లో దాచి, మళ్ళీ తెరిచి ఒక్కసారి చూస్తానండి" అంది.

"పదేళ్ళుగా నడుస్తున్న క్లాసండీ అది. దాన్ని మీరు పరీక్ష చెయ్యాలా?" అన్నాను. జీపు హారన్ కొట్టింది. ఆవిడ లాప్‌టాప్‌లు రెండూ సంచీలో సర్ది ఇచ్చేసింది. శనివారం లంకలో అందరి ముందూ ఒకసారి నడిపి చూపించాలని అనుకున్నారు.

మర్నాడు, బుధవారం, ఇంటర్నల్ పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. ఏటా ఇచ్చే ప్రశ్నే ఒకటి అందులో ఉంది. పిల్ల క్లాసు మీద సీరియలైజబుల్, అంటే ఫైల్లోకి దించొచ్చు, అని రాసి ఉండి, తల్లి క్లాసు మీద ఆ మాట లేకపోతే ఏమవుతుంది? అయిదు మార్కులు. ఆవిడ సెక్షన్ విద్యార్థి ఒకడు చాలా చక్కగా రాశాడు. 'తల్లి నుంచి వచ్చిన వివరాలు ఫైల్లోకి ఎక్కవు. మళ్ళీ తెరిచినప్పుడు తల్లి భాగం కొత్తగా, ఖాళీగా తయారవుతుంది. పిల్ల కలుపుకున్నవి మాత్రం మిగులుతాయి. ఎర్రర్ రాదు కాబట్టి ఎవరికీ తెలియదు.'

అయిదుకి అయిదు వేశాను. పేజీ తిప్పబోతూ ఆగిపోయాను.

ఆవిడ పిల్ల క్లాసుల మీద ఆ మాట ఉంది. నా వ్యక్తి క్లాసు మీద లేదు. దాంతో ఎప్పుడూ పని పడలేదు. మా రికార్డులు డేటాబేసులో ఉండేవి, ఫైల్లోకి దించే అవసరం రాలేదు. ఇరవై ఏళ్ళుగా ఏ ప్రశ్న ఇచ్చి పిల్లల మార్కులు కోస్తున్నానో ఆ తప్పు నేనే చేసి, నా పేరు పెట్టి బయటికి పంపాను.

ఫోన్ తీశాను. ఆవిడ నంబరు నొక్కాను. మోగకముందే కట్ చేశాను.

ఆ క్షణంలో నా మనసులో ఏం జరిగిందో మీకు ఉన్నదున్నట్టు చెప్పాలి. ఫోన్ చేస్తే "సారీ మేడమ్, తప్పు నాది" అనాలి. ఆవిడ "ఫర్లేదు సార్" అంటుంది, అయిదు నిమిషాల్లో సరిచేస్తుంది. చెయ్యకపోతే శనివారం నలుగురిలో ఆవిడ ప్రోగ్రాము తెరిచేసరికి పేర్లు ఉండవు. ఆవిడ తెల్లబోతుంది. అప్పుడు నేను లేచి, "కంగారు పడకండి" అని, కూర్చుని, ఒక్క మాట చేర్చి బాగుచేస్తాను. పాతవాడి అనుభవం అంటే ఏమిటో అందరూ చూస్తారు. ఏ క్లాసు ఎవరిదో అక్కడ ఎవరు అడుగుతారు? ఉత్త రిహార్సలే కదా, ఎవరికీ నష్టం లేదు.

బుధవారం, గురువారం రెండు రోజులూ నాకు మనసు ఎంతో తేలిగ్గా ఉంది. ఎదురు గుమ్మంలో చెప్పులు చూసినా ఏమీ అనిపించలేదు. గురువారం సాయంత్రం ఆవిడ ఎదురుపడి, "శనివారం మీరు కూడా వస్తున్నారు కదా సార్" అంటే, "ఎందుకు రానమ్మా" అన్నాను. అమ్మా అని పిలిచింది అదే మొదటిసారి.

గోదావరి శనివారం దాకా ఆగలేదు. ఎగువన వానలు కురిసి శుక్రవారం తెల్లారేసరికి లంకల దారులన్నీ మునిగాయి. ఆవిడ పొద్దున్నే మొదటి పడవలో లాప్‌టాప్ పట్టుకుని లంకలోకి వెళ్ళిందని నాకు ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేసి చెప్పారు. "ఒడ్డున కూర్చుని ఫైలు తెరవడానికి ఎవరో ఒకరు ఉండాలి, మీరు వెళ్ళండి మాస్టారూ" అన్నారు.

అప్పుడైనా చెప్పొచ్చు. చొక్కా వేసుకుంటూ రెండుసార్లు నోటిదాకా వచ్చింది. ఏమీ అనకుండా బయల్దేరాను. దారిలో ఆవిడకి ఫోన్ చేశాను. అప్పటికే లంకలో సిగ్నలు పోయింది.

రేవు దగ్గర స్కూలు గదిలో తహసీల్దారు గారు, ఇద్దరు గుమాస్తాలు, వైద్య సిబ్బంది ఉన్నారు. పదింటికి పడవ వచ్చింది. అది నడిపే ఆయన ప్లాస్టిక్ కవర్లో చుట్టిన పెన్‌డ్రైవు నా చేతిలో పెట్టాడు. ఫైలు తెరిచాను. జాబితా వచ్చింది. తొమ్మిదో నెల, ఓ పాజిటివ్. ఎనిమిదో నెల, బీపీ మాత్రలు. డయాలసిస్, వారానికి రెండుసార్లు. అలా నలభై ఒక్క వరసలు. పేరు ఉండాల్సిన చోట ఖాళీ. ఊరు ఖాళీ, వీధి ఖాళీ. వయసు దగ్గర అన్నిటికీ సున్నా.

"ఇదేంటి మాస్టారూ, పేర్లేవండీ?" అన్నారు తహసీల్దారు గారు.

"ఏదో... ఫైలు సరిగ్గా రాలేదండి" అన్నాను.

"మరి ఏఎన్ఎమ్ గారి రిజిస్టరు?" అని ఆయన వెనక్కి తిరిగి అడిగారు. ఆ నర్సమ్మ గారు ఇంకో లంకలో చిక్కుకుపోయారని, రిజిస్టరు తన దగ్గరే ఉందని ఎవరో చెప్పారు.

పడవలు ఖాళీగా నిలబెట్టడానికి లేదు. మళ్ళీ వెళ్ళిన పడవవాళ్ళు లంక రేవులో నిలబడి, నెలలు నిండినవాళ్ళు ఎవరున్నారని కేకలు వేశారు. మేడమ్ గారిని అడుగుదామంటే ఆవిడ ఉన్న పంచాయతీ ఆఫీసుకి రేవు నుంచి దారి మునిగిపోయింది. దగ్గరున్నవాళ్ళు ఎక్కారు. లంకకి అవతలి కొసన ఇరవై ఇళ్ళ పేట ఒకటుంది. అక్కడికి ఆ కేక వినబడదు. తొమ్మిదో నెల, ఓ పాజిటివ్ అన్న వరస ఆ పేటలో ఉన్న ఒకమ్మాయిదని తర్వాత తెలిసింది. అది తెర మీద మొదటి వరస. అందరికన్నా ముందు తీసుకురావాల్సిన మనిషి.

నాకు ఒకటే ఆశ మిగిలింది. లంకలో ఆవిడ ప్రోగ్రాము మూసెయ్యకుండా ఉంటే, పొద్దున ఎక్కించిన పేర్లు ఆ లాప్‌టాప్ జ్ఞాపకంలో ఇంకా ఉంటాయి. ఒక్కసారి మూసిందంటే అక్కడా పోతాయి. లైఫ్ జాకెట్ వేసుకుని పడవెక్కాను. నాకు ఈత రాదు. పేపర్లో పడిన ఫొటో అదే.

వరద నీటికి అడ్డంగా, చుట్టూ తిరిగి వెళ్ళేసరికి గంటన్నర పట్టింది. ఆవిడ పంచాయతీ ఆఫీసు మేడ మీద ఉంది. చీర మోకాళ్ళదాకా బురద. నన్ను చూసి నిజంగా సంతోషించింది.

"మీరొచ్చేరా సార్! ఈ నీళ్ళలో మీరెందుకండీ?"

"లాప్‌టాప్ ఆపేశావా?"

"లేదండి. చార్జింగ్ తక్కువుందని మూత వేసేనండి. ప్రోగ్రాము అలాగే ఉంది."

మూత తెరిచాం. పేర్లు ఉన్నాయి. మూల చార్జింగ్ తొమ్మిది శాతం చూపిస్తోంది. నేను ఒక్క ముక్క చెప్పాను: "నా క్లాసు మీద సీరియలైజబుల్ లేదు." ఆవిడకి రెండో ముక్క అవసరం లేకపోయింది. కళ్ళు మూసుకుని తెరిచింది. వెంటనే తన ఫోన్‌తో తెర ఫొటోలు తియ్యడం మొదలెట్టింది. "మీరు రాయండి సార్, ఫోన్‌ని నమ్మలేం" అంది. ఆవిడ చదువుతుంటే నేను రాశాను. పేరు, పేట, ఇంటి గుర్తు. నా గజిబిజి రాత చూసి, "కాస్త విడమర్చి రాయండి సార్, పడవవాళ్ళు చదవాలి కదండీ" అంది. ఆ సమయంలో కూడా ఆ మాట నాకు గుచ్చుకుంది.

అంతా అయ్యాక అడిగింది. "మీకు ఎప్పుడు తెలిసింది సార్?"

"ఇందాకే. ఫైలు తెరిచాక."

"ఆయ్" అంది ఆవిడ.

మొదటి పేరు పట్టుకుని పడవ అవతలి పేటకి వెళ్ళేసరికి, పొద్దున ఫైలు ఒడ్డుకి చేరినప్పటి నుంచి మూడు గంటలు దాటింది. ఆ అమ్మాయికి అప్పటికే నొప్పులు మొదలై రక్తం పోతోంది. వాళ్ళాయన, అత్తగారు తలుపు ఊడదీసి దానిమీద మోసుకొచ్చి పడవెక్కించారు. అమలాపురం ఆసుపత్రిలో కాన్పు అయ్యింది. తల్లి బతికింది. ఆడపిల్ల పుట్టింది, కానీ చాలాసేపు ఏడవలేదు. చాలా రోజులు అద్దాల పెట్టెలో ఉంచారు. బతికింది. తర్వాత కుడికాలు సరిగ్గా సాగడం లేదని తెలిసింది. ఆలస్యం వల్లేనని డాక్టర్లు ఎవరూ అనలేదు. కాదనీ అనలేదు.

నీళ్ళు తీశాక మండలాఫీసులో చిన్న సభ పెట్టారు. ఈత రాని పెద్దమనిషి పడవెక్కి పేర్లు తెచ్చాడని నాకు శాలువా కప్పారు. 'కంప్యూటరు మొరాయించినా మాస్టారు మొరాయించలేదు' అని ఒకాయన మైకులో అంటే చప్పట్లు మోగాయి. మొరాయించిన కంప్యూటరు అంటే ఆవిడ ప్రోగ్రామనే అందరూ అనుకున్నారు. ఆవిడ రెండో వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. రెండేళ్ళుగా నేను కోరుకున్నదంతా ఆ పూట నాకు దొరికింది. నేను తలెత్తి ఆ రెండో వరసవైపు చూడలేకపోయాను.

కారిడార్లో ఒంటరిగా దొరికినప్పుడు అడిగాను. "క్లాసు నాదని ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీరు చెప్తారేమోనని ఆగేనండి" అంది. కోపంగా అనలేదు. రిజిస్టరులో సంతకం పెట్టి క్లాసుకి వెళ్ళిపోయింది.

ఆ విద్యాసంవత్సరం కాగానే విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయింది. ఎదురు గది ఖాళీ అయ్యింది. పిల్లలు నా గుమ్మంలోకి రాలేదు. ఆ గదికి తాళం చూసి వెనక్కి వెళ్ళేవారు.

నా రిటైర్మెంటు రోజున మైకు నా చేతికిచ్చారు. చెప్పెయ్యాలని ముందే నిర్ణయించుకున్నాను. చెప్పాను కూడా. కానీ నేను చెప్పిన తీరు మీరు వినాల్సింది. నా మీద నేనే రెండు జోకులు వేసుకుని, క్లాసుల సంగతి మెలికలు తిప్పి, "ఆ రోజు తప్పు నాదే సుమండీ, మేడమ్ గారిది కాదు" అని చివర్లో నవ్వుతూ అన్నాను. పెద్దాయన వినయం చూడమని అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మా ఆవిడ ఒక్కతే కొట్టలేదు. రెండు రోజుల ముందే నాకు తెలుసన్న ముక్క మాత్రం నా నోటి నుంచి రాలేదు.

ఇంటికి రాగానే దండలు బల్లమీద పడేసి విశాఖపట్నం ఫోన్ చేశాను. ఈసారి మెలికలు తిప్పలేదు. బుధవారం, పేపర్లు, కట్ చేసిన ఫోను, శనివారం ఎలా లేచి నిలబడాలనుకున్నానో, ఎందుకో, అంతా చెప్పాను.

"ఆ అమ్మాయికి చెప్పేరా సార్?" అంది ఆవిడ.

"ఏ అమ్మాయి?"

"మొదటి పేరు అండీ."

చెప్పలేదు. చెప్పాలని తట్టనే లేదు. ప్రిన్సిపాల్‌కి, సభకి, ఆవిడకి, ఎవరెవరికి సంజాయిషీ ఇచ్చుకోవాలో రెండేళ్ళు లెక్కవేసుకున్నాను కానీ, ఆ పేట ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. ఫోన్ పెట్టేశాక సిగ్గు కన్నా ముందు నాకు కలిగింది ఏమిటో తెలుసా? ఈ మాట నాకు కాకుండా మళ్ళీ ఆవిడకే ఎందుకు తట్టిందన్న కుళ్ళు. మనిషి రిటైరైతే అది కూడా రిటైరవుతుందని అనుకోకండి.

నాలుగు రోజుల తర్వాత కొత్తపేట బస్సు దిగి, ఆటోలో రేవుకి వెళ్ళి, పడవ దాటి ఆ పేటకి వెళ్ళాను. ఆ అమ్మాయి వాకిట్లో కూర్చుని ఈనెపుల్లలు తీస్తోంది. రెండేళ్ళు దాటిన పాప గుంజ పట్టుకుని నిలబడి ఉంది. కుడికాలు కాస్త పక్కకి పెట్టి నిలబడింది. పేపర్లో ఫొటో చూసిందేమో, నన్ను గుర్తుపట్టి, "పడవలో వచ్చిన మాస్టారు కదండీ" అని పీట వేసింది. నేను కూర్చోలేదు.

పేరు ఎలా పోయిందో చెప్పడానికి ప్రయత్నించాను. తల్లి క్లాసు, పిల్ల క్లాసు అన్నాను. ఆ అమ్మాయి చేతిలో కత్తి ఆపి మర్యాదగా వింది. అర్థం కావడం లేదని తెలుస్తూనే ఉంది. చివరికి, "ఆ రోజు జాబితాలో నీ పేరు పోయి, పడవ ఆలస్యంగా రావడానికి కారణం నేనమ్మా" అన్నాను.

"ఎవరికి మాత్రం తెలుస్తుందిలెండి. ఆ కంగారులో..."

"నాకు తెలుసమ్మా. రెండు రోజుల ముందే తెలుసు."

కత్తి కింద పెట్టింది. "తెలిసి చెప్పలేదా అండీ? ఆ మేడమ్ గారికి?"

"చెప్పలేదు."

"ఎందుకండీ?"

జవాబు నాలుగు రోజులుగా సిద్ధం చేసుకున్నాను. పెద్ద పెద్ద మాటలు ఉన్నాయి అందులో. ఏవీ పైకి రాలేదు.

"ఆవిడంటే నాకు కుళ్ళు" అన్నాను.

ఆ అమ్మాయి నావైపు చూసింది. మొదటిసారి నేను చెప్పేది తెలుస్తున్నట్టు చూసింది.

"కంప్యూటర్ల సంగతి నాకు తెలీదండి. ఇదైతే తెలుసండి" అంది.

లేచి, గుంజ దగ్గరున్న పాపని ఎత్తుకుని చంకనేసుకుంది. పీట తీసి గోడకి ఆనించింది. లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. కాసేపు వాకిట్లో నిలబడ్డాను. లోపల ఆ పిల్లతో ఏదో మాట్లాడుతోంది, నాకు వినబడలేదు. చెప్పులు వేసుకుని పడవ దగ్గరికి నడిచాను.